మూత మీది ఉత్తరం

వంటిల్లు, ఆదిత్యపూర్
జనవరి 12, సోమవారం

ప్రియమైన ఎమిలీకి,

నీ భర్త ఆరోగ్యస్వామి వ్రాయునది. ఇక్కడ వంటింట్లో నేను క్షేమం. అక్కడ పడగ్గదిలో నువ్వు క్షేమమేనని గురకను బట్టి తెలుస్తోంది. నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకున్నదానివి, లేపడానికి మనసు రాలేదు. నేను బి షిఫ్టుకి బయల్దేరుతున్నాను. ఈ మూత కింద చిక్కుడుకాయ కూర, పప్పు ఉన్నాయి. అన్నం కుక్కర్‌లో ఉంది.

సంగతేమిటంటే, మొన్న శనివారం బిష్టుపూర్‌లో పంటి డాక్టరు దగ్గర గంటన్నర కూర్చోబెట్టారు. బల్ల మీద ఒక రంగుల పత్రిక ఉంటే తిరగేశాను. అందులో ఒక ఫోటో. మొగుడూ పెళ్ళాం, ఇంచుమించు మన వయసు వాళ్ళే, సముద్రం ఒడ్డున బల్ల వేసుకుని కూర్చున్నారు. చెరో పళ్ళెంలో చేప, చెరో గ్లాసులో వైన్. చెప్పులు విడిచి కాళ్ళు ఇసుకలో పెట్టుకున్నారు.

చేప బాగుంది, సముద్రం బాగుంది. కానీ నేను అంతసేపు చూసింది వాటిని కాదు. ఇద్దరి పళ్ళేలూ సరిగ్గా సగం ఖాళీ అయ్యాయి ఎమిలీ. అంటే ఇద్దరూ ఒకేసారి తింటున్నారు.

మన పెళ్ళై ఇరవై ఒక్క ఏళ్ళు. వెన్నెల పుట్టినప్పుడు దాన్ని పరాయి చేతుల్లో పెట్టకూడదని పంతం పట్టాం. నేను ఉక్కు ప్లాంటులో క్రేను ఎక్కితే నువ్వు ఇంట్లో ఉండాలి, నువ్వు నర్సింగ్ హోంలో ఉంటే నేను ఇంట్లో ఉండాలి. ముందు తిన్నవాళ్ళు రెండోవాళ్ళ వాటా మీద పళ్ళెం బోర్లించి, దాని మీద ఉత్తరం, ఉత్తరం ఎగిరిపోకుండా ఉప్పు డబ్బా. ఫోను ఎందుకు పనికొచ్చింది? నా క్రేను క్యాబిన్‌లోకి తీసుకెళ్ళనివ్వరు, నీ వార్డులోకి తీసుకెళ్ళనివ్వరు. ఎప్పుడన్నా దొరికి మాట్లాడుకున్నా గ్యాసు సిలిండరు వచ్చిందా లేదా అనే తప్ప ఇంకో మాట రాదు.

అలా అలవాటైపోయింది. ఆ పిల్ల రాంచీ హాస్టల్‌కి వెళ్ళి రెండేళ్ళవుతోంది, మన పళ్ళేలు మాత్రం ఇంకా బోర్లా పడే ఉన్నాయి.

మా తాత భీమిలి నుంచి వచ్చి ఇక్కడి ఇనుము పనిలో పడ్డాడు. ఆయన మనవణ్ణి, నాకు నలభై ఎనిమిదేళ్ళొచ్చినా సముద్రం చూడలేదు. నువ్వూ చూడలేదు. నీళ్ళంటే మనకి తెలిసింది ఖర్కాయి నది ఒక్కటే. కాబట్టి మనం భీమిలి వెళ్దాం. నాలుగు రోజులు. నువ్వూ నేనే. చేపలు తిందాం, వైన్ తాగుదాం. విభూది బుధవారం ఫిబ్రవరి 18న వస్తోంది. తపస్సు కాలం మొదలైతే నువ్వు నలభై రోజులు చేపా ముట్టవు, వైనూ ముట్టవు. ఆ తర్వాత మా ప్లాంటులో మరమ్మతులు, సెలవివ్వరు. వెళ్తే ఈలోపే వెళ్ళాలి.

ఇట్లు,
నువ్వు లేచేసరికి ఇంట్లో ఉండని
ఆరోగ్యస్వామి

తా.క.: ఫ్రిజ్‌లో బీరకాయ కూర నువ్వు చేసిందా, నేను చేసిందా? ఎవరు చేసినా ఉప్పు రెండుసార్లు పడింది. ఇద్దరమూ వేశామేమో.


వంటిల్లు
జనవరి 13, మంగళవారం

శ్రీవారికి,

ఎమిలీ నమస్కరించి వ్రాయునది. ముందుగా ఒక మాట. నేను గురక పెట్టను. మీరు విన్నది ఫ్రిజ్.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పంటి డాక్టరు దగ్గర మీకు మత్తుమందు ఏమైనా ఇచ్చారా అని కూడా ఆలోచించాను. ఇరవై ఒక్క ఏళ్ళలో మీరు నన్ను తీసుకెళ్ళిన దూరపు ఊరు రాంచీ. అదీ పిల్లని హాస్టల్లో దింపడానికి.

ఇంకో సంగతి రాస్తాను, నవ్వకండి. పోయిన బుధవారం ఖర్కాయి వంతెన మీద నా ఆటో, మీ స్కూటరు ఎదురెదురు వచ్చాయి. నేను ఇంటికొస్తున్నాను, మీరు షిఫ్టుకి వెళ్తున్నారు. మీరు నన్ను చూడలేదు. బనియను కనిపించేలా చొక్కా పై గుండీ తీసి పెట్టుకున్నారు. ఆ వారం మొత్తంలో మీరు కళ్ళు తెరిచి ఉండగా నేను చూసింది ఆ రెండు క్షణాలే. హెల్మెట్ పెట్టుకోలేదని కోపం వచ్చింది. పెట్టుకోలేదు కాబట్టే మొహం కనపడిందని ఊరుకున్నాను.

వెళ్దాం. కానీ షాపు వైన్ నా నోట పోయకండి. క్రిస్మస్‌కి పెట్టిన జాడీలో సగం మిగిలింది. సాక్చి బజారంతా తిరిగి ఏరిన నల్ల ద్రాక్ష. లవంగం, చెక్క, గుప్పెడు గోధుమలు వేసి, రోజూ కలియబెట్టి చేశాను. పెళ్ళైన దగ్గర్నుంచీ ప్రతి ఏడూ పెడుతున్నాను. క్రిస్మస్ నాడు మీకు షిఫ్టు ఉంటుంది, లేకపోతే నాకు డ్యూటీ ఉంటుంది. వచ్చినవాళ్ళు తాగి, బాగుందని చెప్పి వెళ్ళిపోతారు. మీరు ఎప్పుడూ ఖాళీ గ్లాసు పక్కన ఉత్తరం పెట్టి "వైన్ బాగుంది" అని రాస్తారు. తాగుతున్నప్పుడు మీ మొహం ఎలా ఉంటుందో నాకు ఇంతవరకూ తెలీదు.

మా అమ్మమ్మ అంతోనమ్మ పీతల గురించి చెప్పేది గుర్తుంది. "పీతని ఒక్కద్దానివీ తినకూడదే పిల్లా. పక్కన ఇంకొకలు చీకతంటేనే మనకీ సిగ్గెయ్యదు" అనేది. నేను ఇంతవరకు పీత తినలేదు. సాక్చిలో అమ్ముతారు, కానీ వండితే ఎవరి పక్కన కూర్చుని తినాలి?

సెలవు సంగతి మీరు తేల్చండి. మూత కింద కోడిగుడ్ల పులుసు ఉంది.

ఇట్లు,
గురక పెట్టని
ఎమిలీ

తా.క.: ఇది సరదాకి రాసిన ఉత్తరమైతే, నా జవాబు చదవనట్టే ఊరుకోండి. నేను కూడా రాయనట్టే ఊరుకుంటాను.


వంటిల్లు
జనవరి 16, శుక్రవారం

ప్రియమైన ఎమిలీకి,

సరదా కాదు. గోడ మీది క్యాలెండరు చూడు. జనవరి 29 నుంచి ఫిబ్రవరి 1 దాకా నీలం పెన్నుతో సున్నాలు చుట్టాను. సెలవు మంజూరైంది. నా సెలవు కాగితం మీద "కారణం" అన్న చోట ఇన్నేళ్ళూ జ్వరమనో, చర్చి పండగనో రాశాను. ఈసారి "భార్య" అని రాశాను. ఫోర్‌మన్ రెండుసార్లు చదివి "సీరియస్ హై క్యా?" అని అడిగాడు. అవునన్నాను.

మా క్రేను కింద పనిచేసే సూర్యానికి చెప్తే నమ్మలేదు. "ఏటన్నా, ఒదినతో ఎల్తన్నావా? ఇద్దరూ ఒకే రైలుకా?" అన్నాడు. ఒకే రైలుకి, ఒకే పెట్టెలో అని చెప్పాను. వాడు నాకు చెయ్యి కలిపాడు.

మూత తీసి చూడు. వంకాయ వేపుడు నల్లగా ఉంటుంది. మాడింది కాదు, వంకాయే ఆ రంగు.

ఇట్లు,
పదమూడు రోజుల్లో నీ పక్కన కూర్చోబోతున్న
ఆరోగ్యస్వామి

తా.క.: గిన్నెల బుట్టలో రెండు గాజు గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి. పెళ్ళికి మీ మావయ్య ఇచ్చినవి. జాడీ మూత కూడా కాస్త ఒరిగి ఉంది. నేను ప్లాంటులో ఉన్నప్పుడు ఎవరైనా వచ్చారా? ఊరికే అడుగుతున్నాను.


వంటిల్లు
జనవరి 20, మంగళవారం

శ్రీవారికి,

ఎమిలీ నమస్కరించి వ్రాయునది. మీరు కూర్చుని చదవండి. నిలబడి చదివితే అరుస్తారు, నేను లోపల నిద్రపోతున్నాను.

నిన్న మా సూపరింటెండెంటు త్రివేణి మేడం అందరినీ పిలిచి, జనవరి 29 నుంచి నాలుగు రోజులు ఎవరు అదనంగా రాగలరు అని అడిగారు. నా చెయ్యి లేచింది. నేను ఎత్తలేదండీ, అదే లేచింది. "ఆ రోజుల్లో మా ఇంట్లో ఆయన ఉంటారు మేడం, నేను వస్తాను" అని నా నోరే చెప్పింది. ఇరవై ఏళ్ళుగా క్యాలెండరు మీద మీ నీలం సున్నా కనపడగానే నేను డ్యూటీ వేయించుకుంటున్నాను. బస్సెక్కి వంతెన దాటాక గాని నేనేం చేశానో నాకు తెలియలేదు. అక్కడే ఏడుపొచ్చింది. పక్క సీటావిడ ఎవరు పోయారని అడిగింది.

మేడం పేర్లు పైకి పంపేశారు, ఇక మార్చడం కుదరదు. అందుకని ఫిబ్రవరి 6 నుంచి 9 దాకా ఎర్ర పెన్నుతో నేను సున్నాలు చుట్టాను. ఆ రోజులు నావి. మీరూ తీసుకోండి.

రెండు గ్లాసుల సంగతి అడిగారు. ఫాదర్ గారు ఇల్లు ఆశీర్వదించడానికి వచ్చారు. కాస్త వైన్ ఇచ్చాను.

ఇట్లు,
తన చెయ్యి మీద తనకే అదుపు లేని
ఎమిలీ

తా.క.: పక్కింటి తనుశ్రీ మెట్ల మీద ఆపి, "దాదా కల్ లంచ్ మే కిస్ సే హఁస్ హఁస్ కే బాత్ కర్ రహే థే?" అని అడిగింది. నిన్న మధ్యాహ్నం మీరు ఎవరితో నవ్వుతూ మాట్లాడారండీ? నేను నర్సింగ్ హోంలో ఉన్నాను కదా.


వంటిల్లు
జనవరి 24, శనివారం

ఎమిలీకి,

ఈసారి "ప్రియమైన" రాయలేదని గమనించే ఉంటావు. కావాలనే రాయలేదు.

ఇరవై ఒక్క ఏళ్ళకి ఒక్కసారి నోరు తెరిచి అడిగాను. అరవై అడుగుల ఎత్తున క్యాబిన్‌లో కూర్చుని కింద ఎర్రగా కాగే ఇనుము చూస్తూ, ఇదిగో ఇంకో పది రోజులు, ఇదిగో ఇంకో తొమ్మిది రోజులు అనుకుంటూ హుక్కు దింపుతున్నాను. నువ్వేమో చెయ్యి లేచింది అంటున్నావు. నాకు నీ మీద కోపం లేదు, నీ చెయ్యి మీద ఉంది. అలవాటంటే మనిషికి బానిసగా ఉండాలి గాని మనిషి దానికి బానిసైతే ఎలా? మనసు పెట్టి ఉంటే చెయ్యి లేచేదా? క్రేను నడిపేవాడు ఒక్క క్షణం అలవాటు మీద చెయ్యి వదిలేస్తే ఏమవుతుందో తెలుసా?

తనుశ్రీ విన్నది రేడియో.

ఇక ఫాదర్ గారి సంగతి. ఆయన పది రోజులుగా రాంచీలో ధ్యానకూటంలో ఉన్నారని ఆదివారం గుళ్ళో చెప్పారు. నేను ముందు వరసలోనే ఉన్నాను, స్పష్టంగా విన్నాను. మరి మన ఇల్లు ఆశీర్వదించి మన వైన్ తాగిన ఫాదర్ ఎవరు?

సరే. ఎర్ర సున్నాల రోజులే ఖాయం చేస్తున్నాను. ఇవాళే సెలవు మారుస్తాను. ఇక్కడిదాకా రాసి షిఫ్టుకి వెళ్తున్నాను, మిగతాది వచ్చాక రాస్తాను.

ప్రియమైన ఎమిలీకి,

వచ్చాక రాస్తున్నాను. పైన అలవాటు గురించి నేను రాసింది కొట్టెయ్యి.

ఇవాళ క్యాంటీన్‌లో సూర్యం నా పక్కన కూర్చుని, "అన్నా, ఆరో తారీకు నుంచి నాలుగు రోజులు నా పని సంభాళించవా? మా అక్క కూతురి ఓణీల ఫంక్షను, పలాస ఎల్లి వత్తాను" అన్నాడు. నేను టీ తాగుతూ, "ఎల్లు ఎల్లు. ఆ రోజుల్లో ఇంట్లో ఎమిలీ ఉంటాది, నేనొత్తాను" అన్నాను. వాడు సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. టీ సగం మిగిలి ఉండగా అర్థమైంది. పరిగెత్తాను. వాడు అప్పటికే టికెట్లు తీసేశాడు.

ఎర్ర సున్నా కనపడితే డ్యూటీ వేయించుకోవడమే నాకూ తెలుసు ఎమిలీ.

ఇట్లు,
నీ చెయ్యికి క్షమాపణ చెప్పుకుంటున్న
ఆరోగ్యస్వామి

తా.క.: ఫాదర్ సంగతి మాత్రం కొట్టెయ్యలేదు. దానికి జవాబు కావాలి.


వార్డు 3 నర్సుల బల్ల, బిష్టుపూర్
జనవరి 31, శనివారం

గౌరవనీయులైన శ్రీ ఆరోగ్యస్వామి గారికి,

విషయం: జాడీలో వైన్ మట్టం తగ్గుట, రేడియో, మరియు ఇతర సంగతులు.

అయ్యా,

ఒకటి. మన రేడియో పాడై మూడేళ్ళయింది. అటక మీద ఉంది. దాని పొట్టలో ఎలుక పిల్లలు పెట్టింది కూడాను.

రెండు. మీ ఉత్తరం చూశాక జాడీకి, సెలైను సీసాకి అంటించినట్టు, ప్లాస్టరు ముక్క అంటించి గీత గీశాను. ఆ రోజు నుంచి నేను జాడీ ముట్టలేదు. ఆరు రోజుల్లో నాలుగు వేళ్ళు దిగింది. నిన్న నేను ఇంటికి వచ్చేసరికి గిన్నెల బుట్టలో అవే రెండు గాజు గ్లాసులు కడిగి ఉన్నాయి. ఈసారి నేను కడగలేదు. మీరు గ్లాసులు కడిగారంటేనే నాకు అనుమానం వచ్చింది. పెళ్ళైన దగ్గర్నుంచీ మీరు గ్లాసులో నీళ్ళు పోసి వదిలేసే మనిషి.

మూడు. ఎవరైనా వస్తుంటే నాతో చెప్పండి. నేను అరవను. నాకు అరిచే తీరిక కూడా లేదు, రెండింటికి డ్యూటీ మారాలి.

ఇక్కడితో ఆఫీసు ఉత్తరం అయిపోయింది. మిగతాది నేను రాస్తున్నాను.

వెన్నెలని హాస్టల్లో దింపి వచ్చిన రోజు మీకు గుర్తుందా? రైల్లో మీరు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఇక మనం ఇద్దరం ఒకే షిఫ్టు వేయించుకోవచ్చు కదా అని నా నోటి దాకా వచ్చింది. మీరే అంటారని చూశాను. మీరు "ఎల్లుండి నాకు సి షిఫ్టు" అన్నారు. తర్వాత రోజు అంటారని చూశాను. రెండేళ్ళు చూశాను. పాప కోసం విడివిడిగా తిన్నాం, సరే. ఇప్పుడు ఎవరి కోసం తింటున్నాం?

నేనే అడగొచ్చు. అడిగితే "ఇప్పుడు బాగానే ఉంది కదా" అంటారేమోనని భయం. మీకు నిజంగా ఇలాగే బాగుందేమో. ఎదురుగా ఉన్న నేను కన్నా కాగితం మీది నేనే మీకు నచ్చానేమో. సముద్రం మాట మీరే ఎత్తారు, మీ చెయ్యే దాన్ని తప్పించింది. నా చెయ్యీ తప్పించింది. రెండు చేతులకీ ఒకే బుద్ధి పుట్టిందంటే అది అలవాటో, మనసో నాకు తెలియడం లేదు. అది మాత్రం చెప్పండి. మిగతావి చెప్పకపోయినా ఫర్వాలేదు.

ఇట్లు,
తమ విధేయురాలు
ఎమిలీ, స్టాఫ్ నర్సు

తా.క. (ఇంటికొచ్చాక): కోపంలో ఉన్నాను కాబట్టి మూత కింద ఉప్మాయే ఉంది. జీడిపప్పు వేశాను. అది కోపం రాకముందు వేసింది.


వంటిల్లు
ఫిబ్రవరి 4, బుధవారం

నా ఎమిలీకి,

ఎవరూ రాలేదు. ఆ రెండో గ్లాసు నీది.

సిగ్గు విడిచి చెప్తున్నాను. సముద్రం ఒడ్డున నాలుగు రోజులు నీ ఎదురుగా కూర్చోవాలి అనుకున్నాక నాకు ఒక్కసారిగా భయం పట్టుకుంది. ఏం మాట్లాడాలి? ఉత్తరాల్లో నేను పెద్ద మాటకారిని. నోటితో నీతో గ్యాసు సిలిండరు గురించి తప్ప ఏం మాట్లాడానో గుర్తు రాలేదు. అందుకని ప్రాక్టీసు మొదలుపెట్టాను. నా పళ్ళెం పెట్టుకుని, ఎదురు కుర్చీ ముందు ఇంకో పళ్ళెం పెట్టి, రెండు గ్లాసుల్లో కాస్త కాస్త వైన్ పోసి, కుర్చీతో మాట్లాడుతున్నాను. తనుశ్రీ విన్నది అదే. నేను బీరకాయ కూర జోకు చెప్పాను. నువ్వు నవ్వావు. అంటే నీ తరఫున కూడా నేనే నవ్వాను.

నీ గ్లాసులోది వృథా పోకూడదు కదా. జాడీలో నాలుగు వేళ్ళు అలా దిగాయి.

బాగానే ఉందా అని అడిగావు. బాగా లేదు. ఏ రోజూ బాగా లేదు. వెన్నెలని దింపి వచ్చిన రైల్లో నేను కిటికీ వైపు చూసింది ఏడుపు ఆపుకోవడానికి. ఒకే షిఫ్టు మాట నా నోటి దాకా కూడా వచ్చింది. నువ్వు ఇన్నేళ్ళూ ప్రశాంతంగా ఒక్కదానివీ తిని పడుకుంటున్నావు, ఇప్పుడు నేను ఎదురుగా చప్పుడు చేస్తూ నములుతుంటే విసుక్కుంటావేమో అనుకున్నాను. నేను చప్పుడు చేస్తూ నములుతానని సూర్యం చెప్పాడు. నీకు తెలిసే అవకాశమే లేదు.

మాటలు చాలు. చేసింది చెప్తాను. నిన్న షిఫ్టు దిగి అవే బూట్లతో మీ నర్సింగ్ హోంకి వెళ్ళాను. త్రివేణి మేడంని కలిశాను. ఆవిడ నన్ను కిందా మీదా చూసి, "ఏటి బాబూ, ఎమిలీ సిస్టర్ భర్తవా? నిజంగా ఉన్నావా నువ్వు? ఇన్నేళ్ళూ 'ఆయనుంటారు ఇంట్లో' అని డ్యూటీలు వేయించుకుంటంటే, ఊరికే చెప్తంది అనుకున్నాను" అన్నారు. నీకు ఫిబ్రవరి 13 నుంచి 16 దాకా సెలవు నా ఎదురుగానే రాశారు. అదే రోజులకి నా సెలవు కూడా రాయించాను. ఆ నాలుగు రోజులూ సూర్యం నా బదులు ఉంటాడు, నాకు బాకీ కదా.

క్యాలెండరు గోడ మీంచి తీసేశాను. ఏ సున్నా కనపడ్డా మన ఇద్దరినీ నమ్మడానికి లేదు.

టికెట్లు వెన్నెల తీసింది. ఫోనులో అంతా విని, "పాపా, ఆప్ దోనో ఏక్ హీ ఘర్ మే రహతే హో నా?" అంది. ఒకే ఇంట్లోనే ఉంటున్నామమ్మా, ఈ నెలలో కలుస్తాం అని చెప్పాను.

ఇట్లు,
అప్పుడూ ఇప్పుడూ నీ
ఆరోగ్యస్వామి

తా.క.: జాడీ ఖాళీ. అడుగున గోధుమలు మాత్రం మిగిలాయి. ప్రాక్టీసు కాస్త ఎక్కువైంది. సముద్రం ఒడ్డున నీ వైన్ తాగాలన్నది నా కోరికే, నేనే పాడు చేశాను.

ఇంకో తా.క.: నీ రెండు గ్లాసుల సంగతి ఇంకా తేలలేదు. ఫాదర్ ఎవరు?


కస్తూరమ్మ పాక హోటలు, భీమిలి
ఫిబ్రవరి 14, శనివారం, మధ్యాహ్నం

శ్రీవారికి,

ఎమిలీ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు కూడా క్షేమమే. కనపడుతున్నారు.

ఇది కస్తూరమ్మ గారి దగ్గర అడిగి తీసుకున్న ఆర్డరు కాగితం. వెనకాల "పీతల ఇగురు 1" అని ఉంది, అది మనదే.

ముందు ఫాదర్ సంగతి తేల్చేస్తాను. ఎవరూ రాలేదు. మీ మొదటి ఉత్తరం వచ్చిన వారంలోనే నేను కూడా రెండు గ్లాసులు పెట్టాను. మీరు కుర్చీతో మాట్లాడారు. నేను మాట్లాడలేదు, మీ గ్లాసు వంక చూస్తూ అన్నం తిన్నాను, అంతే. అన్నం కాస్త ఎక్కువే తిన్నాను. అది రాయడానికి సిగ్గేసి ఫాదర్ గారి మీద పెట్టాను. ఆయన రాంచీ నుంచి రాగానే వెళ్ళి పాపసంకీర్తనం చేసి ఆ అబద్ధం ఒప్పుకున్నాను. తెర వెనక నుంచి దగ్గు వచ్చింది, అది దగ్గు కాదని నాకు తెలుసు. ప్రాయశ్చిత్తంగా జపాలేమీ చెప్పలేదు. "వెళ్ళి నీ భర్తతో కలిసి ఒక పూట అన్నం తిను" అన్నారు.

అందుకే వచ్చాను. వచ్చి ఏం చేశాం? రైలెక్కగానే మీరు "నువ్వు పడుకో, నేను సామాను చూస్తాను" అన్నారు. నేను లేచాక మీరు పడుకున్నారు. రైల్లో కూడా షిఫ్టులు వేసుకున్నాం. పొద్దుట దిగిన దగ్గర్నుంచీ మీరు నాతో మూడు మాటలు అన్నారు. నేను లెక్కపెట్టాను. "సంచీ ఇటివ్వు", "ఎండగా ఉందా", ఇంకోసారి "ఎండగా ఉందా". నేను రెండుసార్లూ అవునన్నాను. కస్తూరమ్మ గారు నన్ను వంటింటి వైపు పిలిచి, "ఏటమ్మా, దెబ్బలాడుకున్నారా ఏటి? వచ్చిన కాణ్ణించి మాటే నేదు" అని అడిగారు. లేదండీ, మాకు కొత్త అన్నాను. ఆవిడ మనది కొత్త పెళ్ళి అనుకున్నారు. ఒక చేప ముక్క ఎక్కువ వేశారు.

సముద్రం సంగతి. మీరు చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, నీళ్ళలోకి వెళ్ళి నిలబడ్డారు. నేను బల్ల దగ్గర్నుంచి చూశాను. అంత నీళ్ళ ముందు మీరు చిన్న పిల్లాడిలా ఉన్నారు. అల వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి, నేను ఉన్నానా లేదా అని చూశారు. ప్రతిసారీ చూశారు. ఇన్నేళ్ళూ నేను లేని ఇంట్లో కూడా ఇలాగే చూసేవారేమోనని నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఈలోగా అన్నం వచ్చింది. వంజరం వేపుడు, పీతల ఇగురు. అప్పుడు నేను చేసిన పని మీకు చెప్పాలి. మీ పళ్ళెంలో వడ్డించాను. దాని మీద ఇంకో పళ్ళెం బోర్లించాను. దాని మీద ఉప్పు డబ్బా పెట్టాను. మీరు ఇరవై అడుగుల దూరంలో ఉన్నారు.

తర్వాత మీరు వచ్చి కూర్చున్నారు. కాళ్ళ నిండా ఇసుక. మూత చూశారు. ఉప్పు డబ్బా ఎత్తి కింద చూశారు. అక్కడ ఏమీ లేకపోయేసరికి మీ మొహం చిన్నబోయింది. నేను మీ ఎదురుగా కూర్చుని ఉన్నాను, మీరు నా ఉత్తరం కోసం వెతికారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అందుకే కాగితం అడిగి ఇది రాస్తున్నాను. తలకిందులుగా చదవడానికి మెడ వంచకండి, నెప్పి పుడుతుంది. అయిపోవచ్చింది, ఇస్తున్నాను.

మీరు కుర్చీకి చెప్పిన బీరకాయ జోకు ఏదో నేను ఇంకా వినలేదు. అది మళ్ళీ చెప్పండి. ఈసారి నవ్వడం నేను చూసుకుంటాను. మీరు చప్పుడు చేస్తూ నమలండి, నేను పీత చీకుతూ ఇంకా పెద్ద చప్పుడు చేస్తాను. ఊరికి వెళ్ళగానే ఇద్దరం ఒకే షిఫ్టు అడుగుదాం. ఇస్తే ఇస్తారు, ఇవ్వకపోతే మీరు మళ్ళీ ఆ బూట్లేసుకుని త్రివేణి మేడం దగ్గరికి వెళ్దురుగాని.

ముందు మూత తియ్యండి. చల్లారిపోతోంది.

ఇట్లు,
మీ ఎదురుగా కూర్చున్న
ఎమిలీ

తా.క.: జాడీ ఖాళీ అని బెంగపడకండి. మీ మొదటి ఉత్తరం చదివిన రోజే ఒక తేనె సీసా నిండా వైన్ పోసి బియ్యం డబ్బాలో దాచాను. నా సంచీలో చీర మడతల్లో ఉంది. మావయ్య ఇచ్చిన గ్లాసులు కూడా తెచ్చాను, రెండూ. మీరే పొయ్యండి. మీరు తాగేటప్పుడు నేను మొహం చూడాలి.

ఇంకో తా.క.: ఈ ఉత్తరానికి జవాబు రాయకండి. నోటితో చెప్పండి.